తెల్లగుడ్డ

మిర్యాలగూడ సాగర్ రోడ్డు మీద
నా షెడ్డుకు మూడు దిక్కుల రైస్ మిల్లులు.
నాలుగో దిక్కు నుంచి గాలొచ్చేది,
మొన్న అటు గూడ ఒక మిల్లు లేసింది.

కోతలప్పుడు ఈడ గాలికి రంగుంటది.
తవుడు రంగు.
బానెట్ మీద వేలుతోటి పేరు రాస్తే
మాపటికల్ల పూడిపోతది.

ఒక్క వారంల రెండు బండ్లొచ్చినయి,
ఒకే మోడలు, ఒకే ఏడు.
కమీషన్ దుకాణపోళ్ల పిల్లగాడు నిఖిలేష్
డబ్బాల తెచ్చిండు గాలిగొట్టం.
నురుగు పరుపు మీద పండుకోబెట్టిన కంపెనీ సామాను,
పసిపిల్లను ఇచ్చినట్టు రెండు చేతులతోటి ఇచ్చిండు.
పద్దెనిమిది వేలు.
బిల్లు గూడ చూపిచ్చిండు, నేను అడగకున్నా.

టాక్సీ నడిపే మట్టయ్య
పాత పేపరుల చుట్టుకొచ్చిండు ఇంకోటి.
హైదరాబాద్‌ల బేరమాడి
రెండు వేల రెండొందలకు పట్టిండట.
దాని మీద పేరు లేదు.
పేరుండాల్సిన కాడ
స్టిక్కరు పీకేసిన జిగురు.

"రెండూ ఒకటేనా అన్నా?"
ఇద్దరూ అదే అడిగిన్రు.
ఒకడు కాదనాలని,
ఒకడు అవుననాలని.

బెంచీ మీద పెట్టి
లోపలికి వేలు పోనిచ్చి చూసిన.
కంపెనీది గాజు గ్లాసు తీర్గ నున్నగున్నది.
మట్టయ్య దాంట్ల అతుకు కాడ
వేలికి ఒక పన్ను తగిలింది.
ఆకురాయితోటి నాలుగు గీతలు గీస్తే పోయింది.
నోట్ల పెట్టుకొని ఊదిన.
రెండిట్లకెల్లి గాలి ఒక్కతీర్గనే పోయింది.
గాలికి చదువు రాదు గద.

ఫిల్టరు వేరే సంగతి.
మట్టయ్యది లైటుకు అడ్డం పెడితే
పాత గొడుగు లెక్క
అక్కడొకటి ఇక్కడొకటి చుక్క కనవడ్డది.
"గొట్టం ఉండనీ, ఫిల్టరు మార్చు" అన్న.
"వచ్చే నెల" అన్నడు.
టాక్సోళ్ల వచ్చే నెల నాకు తెలుసు,
మా ఇంట్ల గూడ ఒకటున్నది.

నా పెండ్లి పంచె చింపి రెండు ముక్కలు దాచిపెట్టిన.
నెల తిరిగినాక రాండ్రి,
ఫిల్టరు ఎనక తుడిచి చూద్దాం,
మనం కొట్లాడుడెందుకు, గుడ్డనే చెప్తది అన్న.

నెల అంటే కోతల నెల.
మట్టయ్య దామరచర్ల, హాలియా, నల్లగొండ దవాఖాన అని తిరిగిండు.
నిఖిలేష్ వాడపల్లి దిక్కు
చప్పుడు ఇనుకుంట తిరిగిండు.
చప్పుడు మాత్రం రెండిటిదీ ఒక్కటే, మస్తు గురక.
బలం పెరిగిందని ఇద్దరూ నమ్మిన్రు.
నేను నమ్మలే. చెప్పలే.

తుడిచిన.
మట్టయ్య గుడ్డకు పలుచగ తవుడు,
గోరుతోటి గీకితే వచ్చేంత.
నిఖిలేష్ గుడ్డకు,
సిగ్గెందుకు,
ముద్ద.

వాని మొహం చూడలేక గొట్టం చూసిన.
ఫిల్టరు మంచిగనే ఉన్నది.
అతుకు కాడి క్లిప్పు
ఒకటిన్నర చుట్టు వదులు.
ఆ రోజు బిగిస్తుంటె ఫోనొచ్చింది,
మిల్లుల ఊక ఎత్తే మా రాజవ్వ
దగ్గి దగ్గి కూలవడ్డదని.
సగంల లేసి ఉరికిన.
తిరిగొచ్చినాక అయిపోయిందనుకున్న.
దుమ్ము దారి వెతకలే, నేనే ఇచ్చిన.

చెప్పిన నిఖిలేష్‌కు.
చానసేపు నిలవడి
"అంటే రెండూ ఒకటే అన్నట్టా?" అన్నడు.
కాదు కొడుకా అనబోయిన,
అవును గూడ కాదు,
స్క్రూడ్రైవరు అందుకున్న.

మట్టయ్యకు ఫిల్టరు నేనే తెప్పిచ్చి ఏసిన,
వచ్చే నెల లెక్కల.

రాజవ్వ ఇప్పటికీ కొంగు మడిచి
ముక్కుకు కట్టుకొని పోతది.
రెండు మడతలు.
మూడోది ఏస్తే ఊపిరాడదంటది.

గుడ్డలు రెండూ సాక్ష్యానికని మేకుకు తగిలేసిన.
తెల్లారి వచ్చేసరికి
మా షాగిర్దు ఇంతియాజ్
వాటితోటే చేతులు తుడుచుకుంటున్నడు.
ఏది ఎవరిదో
ఇగ చెప్పరాదు.